స్లీప్ 10 పెట్టేసి చేతులు దులుపుకుందామా?

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ తిట్లన్నీ నేను రాసిన కోడ్‌కే. కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

రెండేళ్ళ క్రితం మా ప్రాజెక్టులో ఓ చిన్న లినక్స్ బాక్సు, దానికో యూఎస్‌బీ హార్డ్‌డిస్కు. బూటయ్యేటప్పుడు అప్పుడప్పుడూ డిస్కు దొరకలేదని మా స్క్రిప్టు ఆగిపోయేది. మౌంట్ లైనుకి ముందు "స్లీప్ 5" అని పెట్టా. ల్యాబ్‌లో యాభైసార్లు రీబూట్ చేశాం, ఒక్కసారీ ఫెయిలవలేదు. డెలివరీ ఇచ్చేశాం.

క్లయింటు గోడౌన్‌లో మాత్రం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గండమే. అక్కడి ఆపరేటరు, యాభై దాటిన పెద్దాయన, "సార్, మళ్ళీ రాలేదండీ" అని ఫోన్ చేసేవారు. నేనేమో "కేబుల్ సరిగ్గా పెట్టారాండీ?" అనేవాణ్ణి. మూడుసార్లు అదే మాట. నాలుగోసారికి వాళ్ళ ఓనరు, నువ్వే ఏదో కెలికుంటావని ఆయన్ని అందరి ముందూ కేకలేశాడట.

ఇంతకీ జరిగిందేంటంటే, ల్యాబ్‌లో రీబూట్ కొడితే డిస్కుకి కరెంటు పోదు, అది తిరుగుతూనే ఉంటుంది. గోడౌన్‌లో బాక్సూ డిస్కూ రెండూ ఒకేసారి సున్నా నుంచి మొదలవ్వాలి. డిస్కు వేగం అందుకునే లోపే నా ఐదు సెకన్లూ అయిపోయేవి. అంటే మేము యాభైసార్లు టెస్ట్ చేసింది అసలు రాని సమస్యని!

"పది పెట్టెయ్, పోతుంది" అన్నాడు మా లీడ్. పది పెడితే మంచి డిస్కు ఉన్నవాడు ఊరికే పది సెకన్లు కూర్చోవాలి, నెమ్మది డిస్కు ఉన్నవాడికి పన్నెండో సెకనులో మళ్ళీ అదే ఏడుపు. లినక్స్ కెర్నెల్ హార్డ్‌వేర్‌ని వెతికే పని ఒకపక్క, బూట్ ఇంకోపక్క నడుస్తాయి. ఏ డివైసు ఎప్పుడు తేలుతుందో గ్యారంటీ లేదు. ఇవాళ ఎస్‌డీఏ అయిన డిస్కు రేపు ఎస్‌డీబీ కావచ్చు.

కెర్నెల్ వాళ్ళు మాత్రం స్లీప్ వాడలేదా అంటారేమో. వాడారు. రూట్‌డిలే అంటే అదే కదా. యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్‌లో కూడా ఒకప్పుడు ఐదు సెకన్ల ఆలస్యం ఉండేది, తర్వాత ఒకటికి తగ్గించారు. కానీ దాని పక్కనే డిస్కు కనిపించేదాకా ఆగే రూట్‌వెయిట్ కూడా ఇచ్చారు. "యూడెవ్ సెటిల్" ఉందిగా అన్నాడు ఓ ఫ్రెండు. అది అప్పటికే క్యూలో ఉన్న ఈవెంట్లు అయ్యేదాకా మాత్రమే ఆగుతుంది. కెర్నెల్‌కే ఇంకా కనపడని డిస్కు ఆ క్యూలోకి ఎలా వస్తుంది? అందుకే దాన్ని వాడొద్దని సిస్టమ్‌డీ మాన్యువల్లోనే రాసుంది.

ఇంట్లో అమ్మ పప్పు ఉడికిందా అని గడియారం చూడదు, కుక్కర్ విజిల్ వింటుంది. మేమూ చివరికి అదే చేశాం. ఎఫ్‌స్టాబ్‌లో డిస్కుని యూయూఐడీతో రాశాం, బిల్లింగ్ సర్వీసుని ఆ మౌంట్‌కి ముడిపెట్టాం. డిస్కు వస్తేనే సర్వీసు మొదలవుతుంది. మామూలుగా సిస్టమ్‌డీ 90 సెకన్లు చూస్తుంది. అప్పటికీ రాకపోతే బూట్ ఆగిపోకుండా నోఫెయిల్ పెట్టి, "డిస్కు రాలేదు" అని స్క్రీన్ మీద చూపించాం. మొత్తం కలిపి ఒక పూట పని, అంతే.

నా దృష్టిలో ఎందుకు ఆగాలో రాయని ప్రతి స్లీపూ ఒక అబద్ధమే. "నాకు కారణం తెలీదు" అని ఒప్పుకోలేక అంకె వేస్తాం. ఆ అంకె తప్పిన రోజు మాట పడేది మనం కాదు, ఎక్కడో గోడౌన్‌లో ఉన్న మనిషి.

ఓనరుకీ ఆయనకీ ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పాను. "పోన్లెండి సార్, కేబుల్ పెట్టడం మాత్రం బాగా వచ్చింది" అని నవ్వారాయన. నాకు నవ్వు రాలేదు.

మీ కోడ్‌లో కూడా స్లీప్ అని ఒకసారి వెతికి చూడండి.