ప్రాణం దక్కింది కదా, జుట్టుదేముంది!

"ప్రాణం దక్కింది, అదే పదివేలు. జుట్టుదేముందే, ఇవాళ పోతే రేపొస్తుంది!"

గుండె ఆపరేషన్ అయిన ఆడవాళ్ళలో ఈ మాట విననివాళ్ళు ఉండరేమో. నేనైతే ఓ డజను మంది నోట విన్నాను. అన్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ప్రేమతోనే అన్నారు, ధైర్యం చెప్పాలనే అన్నారు. అయినా సరే, ఈ మాట అనడం మనం మానెయ్యాలని నా అభిప్రాయం. పైకి ఓదార్పులాగే ఉంటుంది గానీ, అది చేసే పని మాత్రం నోరు మూయించడమే. నోరు మూసుకున్న మనిషి ఏం చేస్తుందో కళ్ళారా చూశాక ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ముందు నా సంగతి చెప్తాను. చిన్నప్పుడు నాకు గొంతునొప్పి, జ్వరం వచ్చి, ఆ తర్వాత కీళ్ళు వాచాయట. రుమాటిక్ ఫీవర్ అంటారు దాన్ని. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే క్రిమికి సరైన మందు పడకపోతే, కొందరు పిల్లల్లో ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపడి సొంత గుండె కవాటాల మీదే తిరగబడుతుంది. అప్పటికి తగ్గిపోయినట్టే ఉంటుంది. నష్టం మాత్రం ఏళ్ళ తరబడి లోపల్లోపల పెరిగి, పెళ్ళయి పిల్లలు పుట్టాక ఎప్పుడో ఆయాసంగా బయటపడుతుంది. నాకు 44వ ఏట మైట్రల్ వాల్వు తీసేసి మెకానికల్ వాల్వు వేశారు. రాత్రి ఫ్యాను కూడా ఆగిపోయినప్పుడు చెవి పెట్టి వింటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. ఆ చప్పుడంటే నాకు భయం లేదు. అది వినిపిస్తున్నంత కాలం నేనున్నట్టే కదా!

ఈ ఆపరేషన్‌లో రొమ్ము ఎముకని కోసి, పనయ్యాక తీగలతో మళ్ళీ కలిపి కడతారు. అది అతుక్కోడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అన్నాళ్ళూ బరువులెత్తకూడదు, చేతులు పైకెత్తి గట్టి పనులు చెయ్యకూడదు. తల దువ్వుకుని జడేసుకోవడం కూడా నావల్ల అయ్యేది కాదు. మా అత్తయ్యగారు ఒక రోజు, మా అమ్మాయి ఒక రోజు దువ్వేవాళ్ళు. రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. కుట్లు మానాయి, ఆకలి పుట్టింది, మెట్లెక్కగలిగాను. ఇంక గండం గడిచిందనుకుంటున్న మూడో నెలలో మొదలైంది రాలడం. దువ్వెన నిండా, దిండు మీద, స్నానాల గదిలో నీళ్ళు పోయే జాలీ మీద, ఆఖరికి సాంబారులో కూడా. పాపిడి వేలెడంత వెడల్పయింది. అత్తయ్యగారు దువ్వెన దులిపి, రాలిన జుట్టు నాకు కనిపించకుండా గుప్పిట్లో దాచి పట్టుకెళ్ళేవారు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. కానీ ఆ గుప్పిట్లో ఎంత పడుతుందో నాకు తెలుసు.

అసలిది ఎందుకు జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మన తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. అందులో నూటికి 85 నుంచి 90 పెరిగే దశలో ఉంటే, మిగతావాటిలో ఎక్కువ భాగం విశ్రాంతి దశలో ఉంటాయి. ఆ విశ్రాంతి రెండు మూడు నెలలు సాగి, తర్వాత ఆ వెంట్రుక రాలిపోయి కింద నుంచి కొత్తది వస్తుంది. అందుకే మామూలు రోజుల్లో కూడా 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అంటే పెద్ద ఆపరేషన్, రక్తం పోవడం, తీవ్రమైన జ్వరం, కాన్పు లాంటివి వచ్చినప్పుడు, శరీరం తన శక్తినంతా ప్రాణం నిలబెట్టే పనికి మళ్ళిస్తుంది. పెరగాల్సిన వెంట్రుకలు చాలా ఒకేసారి విశ్రాంతిలోకి జారుకుంటాయి. రెండు మూడు నెలలయ్యాక అన్నీ ఒక్కసారిగా రాలతాయి. దీన్నే టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు డాక్టర్లు. బాలింతలకు మూడో నెలలో జుట్టు రాలడం మనకేం కొత్త కాదు కదా! కోవిడ్ తగ్గిన రెండు మూడు నెలలకి ఎంతమంది జుట్టు రాలిందని బెంగపడ్డారో కూడా చూశాం. అదీ ఇదే. చాలామందికి ఆరు నెలల్లో రాలడం తగ్గి, జుట్టు మళ్ళీ రావడం మొదలవుతుంది.

ఇంకొకటుంది. ఆపరేషన్‌లోనూ ఐసీయూలోనూ గంటల తరబడి తల కదలకుండా ఒకే చోట ఆనడం వల్ల కొందరికి తల వెనక రూపాయి బిళ్ళంత మచ్చలా జుట్టు ఊడుతుంది. ఒత్తిడికి అక్కడ రక్తం సరిగ్గా ఆడక వచ్చేది అది. అదీ చాలావరకు మళ్ళీ మొలుస్తుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ఆపరేషన్ దెబ్బకి రాలాల్సిన జుట్టు మూడు నెలలు ఆలస్యంగా రాలుతుంది. అప్పటికి ఆపరేషన్ పాతబడిపోతుంది. కళ్ళ ముందుండేవి మాత్రలే. కాబట్టి నిందంతా వాటి మీద పడుతుంది. పూర్తిగా అన్యాయమైన నింద అని కూడా అనలేం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అసినోకుమరాల్ లాంటి మాత్రలు, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు కొందరికి జుట్టు రాలుస్తాయి. గుండె లయ తప్పితే ఇచ్చే అమియోడరోన్‌లో అయోడిన్ ఎక్కువ. అది థైరాయిడ్‌ని దెబ్బ తీస్తే దాని వల్ల కూడా జుట్టు రాలవచ్చు. రక్తం తగ్గడం, ఐరన్ తగ్గడం, నోరు చచ్చిపోయి సరిగ్గా తినకపోవడం సరేసరి. ఇన్ని కారణాల్లో ఏది ఎంతో మనకు మనమే తేల్చుకోలేం. అందుకే డాక్టరుకి చెప్పాలి. చెప్పాలంటే ముందు ఇంట్లో నోరు తెరవనివ్వాలి.

నెలనెలా ఐఎన్ఆర్ పరీక్షకి వెళ్ళే ల్యాబులో నాకొకావిడ పరిచయం. నాకన్నా చిన్నది, నాలాగే వాల్వు మార్చారు. నడుం దాటే జడ ఎలుక తోకంత అయిందని ఇంట్లో ఏడిస్తే, "ప్రాణం కన్నా జుట్టెక్కువా నీకు?" అన్నారట. డాక్టరు దగ్గర చెప్పబోతే, వెంట వచ్చిన ఆడపడుచు "ఇలాంటివా ఆయన్ని అడిగేది!" అని గిల్లిందట. ఇంక ఎవరికీ చెప్పలేదు. రక్తం పలచబడే మాత్ర మాత్రం వేసుకోవడం మానేసింది. పన్నెండు రోజులు! మందుల డబ్బాలో షీట్లు మిగిలి ఉండడం చూసి కొడుకు పట్టుకున్నాడు. ఐఎన్ఆర్ ఆవిడకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. అప్పుడు చూస్తే 1.2. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్ళు ఆ మాత్ర మానేస్తే వాల్వు మీద రక్తం గడ్డకట్టి వాల్వే పట్టేయవచ్చు. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం రావచ్చు. ఆవిడ ఏమీ తెలియని మనిషి కాదు, చదువుకున్నదే. తన బాధని ఎవరూ బాధ కింద లెక్కెయ్యకపోతే, చేతిలో ఉన్న ఒకే ఒక్క ఉపాయం చేసింది.

"జుట్టు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా ఎవరైనా?" అంటారా? జుట్టంటే ఆడదానికి వట్టి సోకు అయితే ఆ ప్రశ్న న్యాయమే. కానీ మన దగ్గర జుట్టు ఎప్పుడు వట్టి జుట్టుగా ఉంది చెప్పండి? పెళ్ళిచూపుల్లో జడ పొడుగు చూసిన దేశం మనది. భర్త పోయిన పిల్లకి తల గొరిగించి మూల కూర్చోబెట్టిన రోజులు మరీ అంత పాతవేం కాదు. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. మా అమ్మమ్మ తన మేనత్తని అలా ముసుగుతోనే చూసిందట. ఆ జ్ఞాపకాలు ఉన్న ఇళ్ళల్లో పెరిగిన మనకి, పలచబడిన పాపిడి అద్దంలో కనిపిస్తే గుండె ఝల్లుమనదా?

"మరి తిరుమలలో తలనీలాలు ఇవ్వట్లేదా, అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?" అని మా వదిన అడిగింది. మంచి ప్రశ్నే. తేడా ఎక్కడుందంటే, అక్కడ మనం ఇస్తాం. మొక్కుకుని, మనసారా, మన ఇష్టంతో ఇచ్చి నున్నటి గుండుతో నవ్వుతూ కొండ దిగుతాం. ఇక్కడ అడక్కుండా పోతుంది. ఇవ్వడం వేరు, పోగొట్టుకోవడం వేరు. పైగా ఆపరేషన్ గాటు జాకెట్టు లోపల దాగుతుంది, జుట్టు దాగదు. నాకు జబ్బు చేసిందని పెళ్ళిలో పందిట్లో అందరికీ చాటి చెప్పేది అదే.

నేను డాక్టరుగారిని అడిగాను. ఆయన నవ్వలేదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాశారు. ఐరన్ తక్కువుందని తేలితే దానికి మందిచ్చారు. గుండె మందుల్లో ఒక్కటీ మార్చలేదు. ఎందుకు మార్చలేదో మాత్రం ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. ఆ ఐదు నిమిషాలే నాకు సగం వైద్యం. కొందరికి మందు మార్చే వీలుంటుంది, కొందరికి ఉండదు. అడిగితేనే కదా తెలిసేది!

అడక్కుండా మనంతట మనం చేసే వైద్యాలతోనే భయం. జుట్టుకి మంచిదని అందరూ మింగే బయోటిన్ మాత్రలు రక్తపరీక్షల్ని తప్పుదారి పట్టించగలవు. గుండెపోటు వచ్చిందో లేదో చెప్పే ట్రోపోనిన్ పరీక్షలో ఉన్న విలువ కన్నా తక్కువ చూపించవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. మన గుండెలకి అదెంత ప్రమాదమో వేరే చెప్పాలా? మినాక్సిడిల్ అయితే మొదట బీపీ మాత్రగా వచ్చింది. వాడినవాళ్ళకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి, తర్వాత తలకి రాసే మందుగా తెచ్చారు. కాబట్టి గుండె జబ్బున్నవాళ్ళు దాన్ని ఎవరో చెప్పారని కొనేయకూడదు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. జుట్టు పెరుగుతుందని ఉన్నట్టుండి రోజూ గిన్నెడు మునగాకు తింటే ఐఎన్ఆర్ పడిపోవచ్చు. పూర్తిగా మానెయ్యక్కర్లేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి. తలకి కొబ్బరినూనె రాసుకోండి, మందారాకు రుద్దుకోండి, ఫరవాలేదు. నోట్లోకి వెళ్ళేది ఏదైనా, పొడి కానీ కషాయం కానీ, డాక్టరుని అడిగాకే.

నేను చేసుకున్నవి చిన్న పనులే. జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. పలచటి జుట్టు పొడుగ్గా ఉంటే ఇంకా పలచగా కనిపిస్తుంది. వెడల్పు పళ్ళ దువ్వెన కొన్నాను, బిగించి జడ వేయడం మానేశాను, పాపిడి పక్కకి మార్చాను. పెళ్ళిళ్ళకి సవరం పెట్టుకుంటాను, అందులో సిగ్గేముంది? రోజూ ఒక గుడ్డు, ఒక కప్పు పప్పు తప్పకుండా తింటాను. ఏడో నెలలో నుదుటి దగ్గర పసిపిల్లలకి వచ్చినట్టు పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చాయి. మునుపటి జడ మాత్రం రాలేదు. వస్తుందనీ అనుకోవట్లేదు. "జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది" అంటారు. ఉన్నంతలో ఒక చిన్న ముడి నేనూ పెట్టుకుంటున్నాను.

ఇంట్లోవాళ్ళకి నా మనవి ఒక్కటే. గుండె ఆపరేషన్ అయిన ఆడమనిషి జుట్టు గురించి కంటతడి పెడితే దాన్ని ప్రాణంతో తూకం వెయ్యకండి. బతికినందుకు సంతోషం, జుట్టు పోయినందుకు దిగులు ఒక మనిషిలోనే రెండూ ఉంటాయి. ఒకటి ఉందని రెండోది దొంగదైపోదు. చూడటానికి వెళ్ళినప్పుడు ముందు తల వంక చూసి "అయ్యో, జుట్టంతా ఏమైందే!" అనకండి. ఆవిడే చెప్తే మాత్రం మాట మార్చకండి. ఎప్పటినుంచి రాలుతోందని అడగండి, మందులు వేళకి వేసుకుంటోందో లేదో మెల్లగా కనుక్కోండి. ఆ తర్వాత, "ఈసారి చెకప్‌లో ఈ సంగతి కూడా అడుగుదాం, నేనూ వస్తాను పద" అనండి. ఓదార్పంటే నా దృష్టిలో అదీ.