రాయి రేటు అడుగుతాం, రాయి పట్టు చూడం

తెలుగు కుటుంబం నగ కొనేటప్పుడు బేరం ఎక్కడ సాగుతుందో అందరికీ తెలుసు. ఎన్ని గ్రాములు, తరుగెంత, మజూరీ ఎంత? రాళ్ల నగైతే సర్టిఫికెట్టు కూడా అడుగుతారు. ఆ రాయిని పట్టి ఉంచే నాలుగు సన్నటి తీగల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ముఖ్యంగా కెనడాలో స్థిరపడిన మనవాళ్లు ఈ అలవాటు మార్చుకోవాలి.

మన అమ్మమ్మల ఏడు రాళ్ల దిద్దులు చాలావరకు కట్టుడు పని. రాయి చుట్టూ బంగారం అంచు ఒత్తుకుని ఉంటుంది, వెనక మూసి ఉంటుంది. వెలుతురు తక్కువే పడుతుంది కానీ రాయి కదలదు. 1886లో న్యూయార్క్‌లోని టిఫనీ సంస్థ ఆరు తీగల మీద వజ్రాన్ని ఉంగరం కంటే ఎత్తుగా నిలబెట్టి అమ్మింది. అన్ని వైపుల నుంచీ వెలుతురు తగిలి రాయి వెలిగిపోయింది. ఆ తీగలే ప్రాంగులు. ఈ తరానికి ఓపెన్ సెట్టింగ్ నచ్చడానికి కారణం కూడా ఆ మెరుపే.

ఆ పని దగ్గరగా చూస్తే మజూరీ ఎందుకో తెలుస్తుంది. తీగలను బుట్టలా అతికించాక, ప్రతి తీగ లోపలి వైపు ఒకే ఎత్తులో చిన్న గాడి కొయ్యాలి. రాయి నడుము ఆ గాడిలో కూర్చోవాలి. గాడి లోతెక్కువైతే తీగ బలహీనపడి ఎప్పుడో విరుగుతుంది, తక్కువైతే రాయి నిలవదు. రాయి ఒరగకుండా కూర్చున్నాక ఎదురెదురు తీగలను జతలుగా, కొద్దికొద్దిగా వంచుతారు. ఒక వైపే గట్టిగా నొక్కితే రాయి పక్కకు జారుతుంది, అంచు పెచ్చు లేవనూ వచ్చు. చివరికి కొనలు కత్తిరించి, గుండ్రంగా నునుపు చేస్తారు. ఈ నునుపు దగ్గర తొందరపడితే నగ కొన్నవాళ్లకే నష్టం.

ఎందుకంటే కెనడా చలికాలంలో చేతులు ఉన్ని గ్లౌజుల్లోంచి రోజుకు ఎన్నిసార్లు వచ్చి పోతాయో లెక్కుండదు. గరుకు కొనకు పోగు చిక్కుకుంటుంది. లాగిన ప్రతిసారీ ప్రాంగు కాస్త పైకి లేస్తుంది. చలికి వేళ్లు సన్నబడి ఉంగరం తిరుగుతూ ఉంటే రాపిడి ఇంకా పెరుగుతుంది. రాయి ఎక్కడ రాలిందో తెలిసేలోపు మంచు కప్పేస్తుంది.

పైగా మనం పెళ్లికి తెచ్చుకునేది 22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం. మెత్తగా ఉంటుంది. కట్టుడు పనికి ఆ మెత్తదనమే వరం, సన్నటి ప్రాంగుకు అదే శాపం. వజ్రాల నగలకు 18 క్యారెట్లు, 14 క్యారెట్లు వాడేది అందుకే. రోజూ పెట్టుకునే ఉంగరానికి శుద్ధి తక్కువైందని చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. 22 క్యారెట్లే కావాలంటే కట్టుడు చేయించుకోవడం మేలు.

రాయిని బట్టి కూడా పట్టు మారాలి. కెనడాలో దొరికే రాళ్లే ఇందుకు మంచి ఉదాహరణ. ఆల్బర్టా 2004లో తన అధికారిక రత్నంగా ప్రకటించిన అమోలైట్, కోట్ల ఏళ్ల నాటి సముద్ర జీవుల గుల్ల. చాలా మెత్తన, పొర పలచన. అందుకే తరచూ పైన గట్టి పారదర్శక పొర అతికించి అమ్ముతారు. దానికి చుట్టూ అంచు కట్టడమే క్షేమం. లాబ్రడార్ పేరు మోసిన లాబ్రడొరైట్ ఒత్తిడి పడితే పొరల వెంట చీలవచ్చు. అంటారియోలో థండర్ బే దగ్గర దొరికే అమెథిస్ట్ ప్రాంగుల్లో బాగానే నిలుస్తుంది. కానీ రాయిని తీయకుండా మంట పెట్టి ప్రాంగు అతికిస్తే ఊదా రంగు పోవచ్చు.

వజ్రం సంగతి వేరు. 1991లో చక్ ఫిప్కే, స్టూ బ్లూసన్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు కెనడా ఉత్తరాన ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో వజ్రాలున్నాయని తేల్చారు. 1998లో అక్కడే ఎకాటి వజ్రాల గని మొదలైంది. ఇప్పుడు చాలా కెనడా వజ్రాలకు లేజర్ నంబరు, పుట్టుపూర్వోత్తరాల కాగితం ఉంటాయి. రాయి ఏ నేలదో ఆ కాగితం చెబుతుంది, దాన్ని పట్టుకున్న తీగ మందం చెప్పదు. అది కొనేవాళ్లే చూసుకోవాలి.

చూడటం కష్టం కాదు. నగను చెవి దగ్గర పెట్టి వేలితో మెల్లగా తట్టండి, గలగలమంటే రాయి వదులైనట్టే. దూది ముక్కతో పైన రాయండి, పోగు చిక్కుకుంటే కొన లేచినట్టే. భూతద్దంలో ప్రాంగు కొన అరిగి పలచబడి కనిపిస్తే ఆ నగ ఇక పెట్టుకోకండి. ఏటా చలి మొదలుకాక ముందే, అక్టోబరులోనే, రాళ్లు పొదిగే పని తెలిసినవాళ్లకు చూపించండి. ప్రాంగు కొనలు మళ్లీ కట్టడానికి వాళ్లు అడిగిన మజూరీ దగ్గర బేరం ఆడకండి.