యాదీలో పేరు ఉన్నదా?

మస్టర్‌లో పేరు పడనివాడికి ఆ రోజు కూలి లేదు. ఈ సంగతి మన కార్మికులకు ఎవరూ నేర్పనక్కరలేదు. పగారు రోజున ఒక్క హాజరు తక్కువ పడినా కార్ఖానా గేటు దగ్గరే నిలబడి లెక్క తేల్చుకుంటాం. అటువంటి మనం ఓటరు యాదీలో పేరు ఉన్నదో లేదో మాత్రం పోలింగు నాటి పొద్దున దాకా చూసుకోము. 2024 నవంబరు 20న అసెంబ్లీ పోలింగు నాడు షోలాపూర్ పూర్వ భాగంలో మన సభ్యులు కొందరు ఓటరు కార్డు చేత పట్టుకొని బూత్‌కు వెళ్లి, పేరు లేదనిపించుకొని తిరిగివచ్చారు. అందులో ముప్పై ఏళ్లుగా టవల్ కార్ఖానాలో వార్పింగ్ చేస్తున్న ఒక పెద్దాయన సాయంత్రం ఆఫీసుకు వచ్చి అడిగిన మాట మాకింకా చెవిలోనే ఉన్నది. "ఎవలికి ఓటెయ్యాల్నో పదిసార్లు చెప్పిన్రు. నా పేరున్నదో లేదో ఒక్కసారన్న చూసిన్రా?"

చూడలేదు. గేటు మీటింగులు పెట్టాం, కరపత్రాలు పంచాం, మైకులు పెట్టి గల్లీలన్నీ తిరిగాం. యాదీ తెరిచి చూడడం మాత్రం సర్కారు పని అనుకున్నాం. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే అనుకున్నవారు మన కార్యవర్గంలోనే ఉన్నారు. కార్డు మనిషిని గుర్తు పట్టడానికే. ఓటు హక్కు ఇచ్చేది యాదీలోని పేరు. నామినేషన్ల ఆఖరి గడువు దాటిన తరువాత ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చరు. పోలింగు నాడు బూత్ ముందు ఎంత కొట్లాడినా ఫలితం ఉండదు.

ఆ పని మనకంటే ముందు మొదలుపెట్టినవారు మన పేటల్లోనే ఉన్నారు. ఇద్దరు రిటైరైన పంతుళ్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక వకీలు, కొందరు కాలేజీ పిల్లలు కలిసి నడుపుతున్న ఓటరు అవగాహన బృందం అది. వారికి జెండా లేదు, ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఆదివారం ఆదివారం యాదీ ప్రతులు పట్టుకొని సాఖర్ పేట, భద్రావతి పేట, నీలం నగర్ గల్లీల్లో తిరుగుతారు. ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండినవారు ఎందరు, యాదీలో ఎందరు అని అడుగుతారు. ఎవరికి ఓటేస్తారని అడగరు, చెప్పబోయినా విననట్టే ఉంటారు. లేని పేరుకు ఫారం 6 రాయిస్తారు. తప్పు పడిన పేరుకు, ఇల్లు మారినవారికి ఫారం 8 రాయిస్తారు. ఇంకా పదిహేడేళ్లే నిండిన పిల్లలుంటే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చునని చెప్తారు. 2022 నుండి జనవరి ఒకటే కాక ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా వయసు లెక్కకు తీసుకుంటున్నారని మాకు తెలిసింది కూడా వారి నోటనే.

వారు మొన్న మన ఆఫీసుకు వచ్చి అడిగింది చందా కాదు, మనుషులను. "మా పిల్లలకు మరాఠీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. తలుపు తీసే ముసలమ్మకు వచ్చేది తెలుగు. ఏ ఇంట్లో ఎవరుంటారో మీకు తెలిసినంత మాకు తెలియదు" అన్నారు. ఆ మాట నిజం. ఏ సాంచా మీద ఎవరు పనిచేస్తారో, ఎవరి కోడలు ఎవరి ఇంటి పిల్లో, ఏ కిరాయి ఇంట్లోంచి ఎవరు ఎప్పుడు కదిలారో మనకు తెలిసినట్టు ఏ ఆఫీసు గుమాస్తాకూ తెలియదు. కార్యవర్గం కూర్చొని మాట్లాడుకుని, ప్రతి శాఖ నుండి నలుగురేసి సభ్యులు రెండు ఆదివారాలు ఆ బృందంతో కలిసి పనిచేయాలని తీర్మానించింది. ఈ తీర్మానం మీద వచ్చిన అభ్యంతరాలు తక్కువేమీ కావు. వాటిని దాచిపెట్టకుండా ఇక్కడే చెప్పుకుందాం.

ముందు పేర్ల సంగతి. మనం ఇంటిపేరు ముందు పెట్టి, ఆ తరువాత మనిషి పేరు చెప్తాం. తండ్రి పేరు నడుమ రాసే అలవాటు మనకు లేదు. ఇక్కడి పద్ధతి వేరు. పేరు, దాని వెంట తండ్రి పేరో భర్త పేరో, ఇంటిపేరు. సిరిసిల్ల నుండో నల్లగొండ నుండో కోడలిగా వచ్చిన ఆడపిల్లకు బడి కాగితంలో పుట్టింటి పేరు, ఆధార్‌లో మరొకటి, రేషన్ కార్డులో భర్త పేరు కలిపి ఇంకొకటి. చిలువేరు వారు మరాఠీలోకి వచ్చేసరికి చిల్వేరి అవుతారు. రాసేవాడి చెవికి వినపడినట్టే పేరు. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లున్న ఆ అమ్మాయిని యాదీలో వెతకాలంటే తెలుగు తెలిసిన మనిషే కావాలి. కంప్యూటరులో కొడితే దొరకదు.

ఇది కొత్త జబ్బు కాదు. 1951-52లో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 17 కోట్లకు పైగా ఓటర్లతో యాదీ తయారైంది. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని తప్ప సొంత పేరు చెప్పని స్త్రీలు ఉత్తరాది రాష్ట్రాల్లో లక్షల్లో తేలారు. సుకుమార్ సేన్ తొలి ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న ఆ కాలంలో సుమారు 28 లక్షల మంది స్త్రీలను యాదీ నుండి తీసివేయవలసి వచ్చింది. మన బీడీ అక్కలు పేరు చెప్పడానికి సిగ్గుపడేవారు కారు. అడగని మేనేజరుకు కూడా గట్టిగానే చెప్తారు. చెప్పిన పేరు చెప్పినట్టు రాసే చెయ్యి ఒకటి కావాలి, అంతే.

రెండవది ఇళ్లు మారినవారి సంగతి. కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం గోదూతాయి పరుళేకర్ పేరున పదివేల ఇళ్ల కాలనీ కట్టారు. 2006లో దానికి ప్రారంభోత్సవం జరిగింది. ఆ పక్కన రేనగర్‌లో ముప్పైవేల ఇళ్ల పథకం వచ్చింది. అందులో పదిహేనువేల ఇళ్లు 2024 జనవరి 19న లబ్ధిదారులకు అప్పగించారు. పేటల్లోని ఒంటి గది వదిలి సొంత తాళంచెవి చేతికి వచ్చిన సంతోషంలో ఓటు మార్చుకోవాలన్న ఆలోచన ఎందరికి వస్తుంది? పాత యాదీలో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. పేరు తీసేముందు నోటీసు ఇవ్వాలని, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చట్టం చెప్తుంది. ఆ నోటీసు పాత ఇంటి తలుపుకే వస్తుంది. కొత్త కిరాయిదారు దానితో పొయ్యి ముట్టించినా అడిగేవాడు లేడు.

ఇదంతా చిన్న విషయమనుకునేవారు బీహారు వైపు చూడాలి. 2025లో అక్కడ ప్రత్యేక ముమ్మర సవరణ జరిపి ఆగస్టు 1న ముసాయిదా యాదీ వేస్తే, పాత యాదీలోని సుమారు 65 లక్షల పేర్లు అందులో లేవు. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించవలసి వచ్చింది. చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి చనిపోయారు, ఇల్లు మారారు, రెండు చోట్ల ఉన్నారు అన్నవి. అదే ఏడు అక్టోబరులో ఆ సవరణను మరి పన్నెండు రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు ప్రకటించారు. అందులో తమిళనాడు ఉన్నది, యానాం చేరిన పుదుచ్చేరి ఉన్నది. అక్కడి మన తెలుగు కార్మికులకు ఈ గాలి తగిలింది. ఇల్లు మారడం, రెండు చోట్ల ఉండడం, ఈ రెండు కారణాలూ మన బతుకుల్లోనివే కదా.

రెండు చోట్ల అన్నామే, అసలు చిక్కు అక్కడే ఉన్నది. ఇది రాయడానికి మాకు చెయ్యి ఆడలేదు. అయినా రాయక తప్పదు. మనలో చాలా కుటుంబాలకు ఇక్కడ ఒక ఓటు, తెలంగాణలో పుట్టిన ఊళ్లో ఒక ఓటు ఉన్నాయి. కొందరికి అది తెలిసి ఉన్నది, కొందరికి తండ్రుల నాటి నుండి అట్లా నడుస్తూ వచ్చింది. చట్టం దీనికి ఒప్పుకోదు. మనిషి మామూలుగా నివసించే చోట ఒక్కచోటనే ఓటు. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే రాసి ఉన్నది. తెలిసి తెలిసి అబద్ధపు ప్రకటన మీద సంతకం పెడితే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. ఫారం 6 మీద మనం చేసే సంతకం అటువంటి ప్రకటన కిందనే ఉంటుంది.

తీర్మానం చదివి వినిపించిన నాడు ఒక సభ్యుడు లేచి, "ఊళ్లె ఓటు తీస్కుంటే ఊరు పోయినట్టే గద" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తాతలనాడు వదిలివచ్చిన ఊళ్లో మనకు మిగిలింది గోడలు కూలిన ఇల్లు, బోనాల నాడు పిలుపు, యాదీలో ఒక వరుస సంఖ్య. ఆ సంఖ్య కూడా పోతే ఊరివాళ్లు మనల్ని ఏమని పిలుస్తారన్న బెంగ ఉత్తదని మేము అనము. కాని మురికి కాలువ పొంగేది ఇక్కడ. నల్లా రానిది ఇక్కడ. కరెంటు రేటు పెరిగితే సాంచాలు ఆగేది ఇక్కడ. 2022లో పదవీకాలం ముగిశాక కార్పొరేషన్ ఎన్నికలు ఏళ్ల తరబడి జరగకుండా అధికారుల పాలన నడిస్తే అవస్థ పడ్డది మనమే గాని మన ఊరివాళ్లు కారు. ఎక్కడ ఉంచుకోవాలో ఎవరి ఇంటివారు వారు తేల్చుకోవలసిన మాట. ఊళ్లోనే ఎక్కువ కాలం ఉండే ముసలివారు అక్కడే ఉంచుకోవచ్చు. రెండూ ఉంచుకుంటామంటే మాత్రం ఆ సభ్యుని వెనుక యూనియన్ నిలబడదు.

ఇక జెండా సంగతి. బృందం పెట్టిన షరతు ఒకటే. ఆ రెండు ఆదివారాలు మన బ్యాడ్జి ఉండరాదు, జెండా ఉండరాదు, యూనియన్ మాట ఎత్తరాదు. పక్క యూనియన్ వాని ఇంటికైనా, కార్ఖానాదారు ఇంటికైనా వెళ్లి పేరు చూడాలి, లేకపోతే ఫారం రాయాలి. "మన మనుషులతో వాళ్ల ఓట్లు నిలబెట్టాలా?" అని మన నాయకుల్లో ఒకరు అడిగారు. అవును, నిలబెట్టాలి. యూనియన్‌కు ఒక పక్షం ఉన్నది, దాన్ని మేము దాచుకోము. వేరే వేదిక మీద, వేరే రోజున గట్టిగానే చెప్తాం. మనకు నచ్చినవారి పేర్లే చూసే పని మొదలుపెడితే, రేపు ఎదుటివాడు మన పేర్లు చూడకుండా పోయినప్పుడు నోరెత్తే హక్కు మనకు ఉండదు.

ఈ షరతు ఎంత కష్టమో మొదటి ఆదివారమే తెలిసింది. పరీక్షగా ఆరుగురిని పంపాం. అందులో ఒకడు అలవాటు చొప్పున అశోక్ చౌక్ దగ్గర ఒక ఇంట్లో ఫారంతో పాటు మన కరపత్రం కూడా ఇచ్చాడు. బృందంలోని ముసలి పంతులుగారు అక్కడికక్కడే అతని చేతిలో కాగితాలు తీసుకొని ఇంటికి పొమ్మన్నారు. అతను నేరుగా ఆఫీసుకు వచ్చి మా మీద విరుచుకుపడ్డాడు. ఇరవై ఏళ్లుగా యూనియన్‌లో ఉన్నవాన్ని ఎవరో పంతులు వెళ్లగొడితే చూస్తూ ఊరుకుంటారా అన్నాడు. పంతులుగారిదే న్యాయమని చెప్పాం. వారం రోజులు మాతో మాట్లాడలేదు. తరువాతి ఆదివారం తొమ్మిదింటికి మాత్రం వచ్చి నిలబడ్డాడు. జేబులు ఖాళీగా ఉన్నాయో లేవో తనే చూపించాడు.

బృందం వారికి తెలియని సంగతి ఒకటి మనం వారికి చెప్పగలిగాం. పోలింగు నాడు కూలి కోయకుండా సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి అనే సెక్షన్ 1996 నుండి ఉన్నది. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలకు ఇది వర్తిస్తుంది. పని చేసిన రోజుకే కూలి అనే పద్ధతిలో ఉన్నవారికి కూడా ఆ రోజు కూలి ఇవ్వాలని అందులో విడిగా రాశారు. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయల దాకానట. ఈ కాలంలో ఆ జరిమానాకు భయపడే కార్ఖానాదారు ఎవరుంటారో మాకు తెలియదు. అయినా చట్టం మన వైపు ఉన్నది. ఇకనుండి ఇంటింటికీ వెళ్లినప్పుడు ఈ మాట కూడా చెప్పడానికి బృందం ఒప్పుకున్నది. ఇది ఏ పార్టీ మాటా కాదు గనుక.

రావాలనుకున్నవారు శాఖ కార్యదర్శి దగ్గర పేరు ఇవ్వాలి. రెండవ పాళీ వారికి పొద్దున జట్టు, మొదటి పాళీ వారికి సాయంత్రం జట్టు. బీడీ అక్కలు తప్పక రావాలి. ఆడవారు ఒంటరిగా ఉన్న ఇంట్లో మగవారి కంటే వారికే తలుపు తొందరగా తెరుచుకుంటుంది. ఎవరి అసలు కాగితాలూ తీసుకోరాదు, చూసి తిరిగి ఇచ్చేయాలి. మనిషి ఎదురుగా లేకుండా ఫారం నింపరాదు. చనిపోయినవారి పేర్లు తీయించే మాట ఇంటివారు చెప్తేనే రాసుకోవాలి, పక్కింటివారు చెప్తే కాదు. ఫోనులో చూడగలిగినవారు ఎన్నికల కమిషన్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, లేకపోతే 1950 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

వచ్చే ప్రతి ఒక్కరూ ముందు తమ పేరు, తమ ఇంట్లోవారి పేర్లు చూసుకొని ఆ భాగం నంబరు, వరుస సంఖ్య కాగితం మీద రాసుకొని రావాలి. మేము కూడా అట్లాగే చూసుకున్నాం. కార్యవర్గంలో పదకొండుగురిలో ఇద్దరి పేర్లు యాదీలో లేవు. ఒకరి పేరు రెండుచోట్ల ఉన్నది. మూడు ఫారాలూ పోయిన సోమవారం ఇచ్చి వచ్చాం.