మా బాబాయి ఏ ఊరి లెక్క?

హైదరాబాద్ పెద్దదా, చెన్నై పెద్దదా? హాస్టల్లో రోజూ ఇదే గొడవ. ఫోన్‌లో అంకె చూపించి గెలిచామనుకుంటాం. ఏ హద్దు లోపల లెక్కపెట్టారో ఎవరూ అడగరు. 2011 జనాభా లెక్కల్లో చెన్నైకి 46 లక్షలు. అదే ఏడాది కార్పొరేషన్‌ని 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కి పెంచారు, కొత్త హద్దులతో కూడితే 67 లక్షలు. ఒక్కరూ ఇల్లు మారలేదు! చైనాలో చాంగ్‌చింగ్‌కి 3 కోట్ల పైనే అంటారు. అది మన రాష్ట్రంలో సగమంత, పొలాలూ కొండలూ కలిపి. దాన్ని టోక్యోతో పోల్చడమేంటండీ?

మా బాబాయి రోజూ తెల్లారకముందే గూడూరు జంక్షన్‌లో చెన్నై రైలెక్కి, రాత్రికి తిరిగొస్తాడు. లెక్కల్లో ఆయన గూడూరు మనిషే. పగలంతా వాడేది చెన్నై నీళ్లు, చెన్నై రోడ్లు. నన్నడిగితే, పడుకునే తలల్నే కాదు, వచ్చిపోయేవాళ్లనీ లెక్కపెట్టాలి. అప్పుడైనా ఆ రైలుకి ఇంకో రెండు పెట్టెలు తగిలిస్తారేమో.