మాధ్యమము మారినది - మట్టము కుదిరినదా?

గౌతమీ తీరమున, ఆత్రేయపురమునకు సమీపముననున్న వాడపల్లి నేడు శనివారపు యాత్రికులతో కిటకిటలాడుచున్నది. వరుసగా ఏడు శనివారములు వేంకటేశ్వరస్వామిని సేవించి మ్రొక్కు చెల్లించుకొనుటకు దూరప్రాంతములనుండి జనము వచ్చుచున్నారు. ఆ చుట్టుపట్ల గ్రామములనుండి డిగ్రీ చదువునకై బయలుదేరు బాలబాలికలకు మాత్రము వారమున ఆరు దినములును యాత్రయే. రావులపాలెమో, కొత్తపేటయో, అమలాపురమో, కాదేని గోదావరి దాటి రాజమహేంద్రవరమో చేరవలెను. చేరిన కళాశాల ఏదైనను, తుదకు వారిలో పెక్కుమందికి పట్టమిచ్చునది ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము. 2006లో వెలసిన ఆ సంస్థకు రాజమహేంద్రవరమున భారతమును తెలిగించిన కవి పేరు పెట్టుట ఎంతయు ఉచితము. ఆ కవి వ్రాసిన భాషలో అచ్చట రసాయనశాస్త్రము చదువవచ్చునా, పరీక్ష వ్రాయవచ్చునా అన్నది వేరు ప్రశ్న.

2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ విద్యాసంవత్సరమునుండి డిగ్రీ కోర్సులన్నిటిని ఆంగ్ల మాధ్యమముననే నడుపవలెనని నిశ్చయించినది. అంతకుముందటి సంవత్సరమున డిగ్రీలో చేరినవారిలో ఇంచుమించు నాలుగవవంతు తెలుగు మాధ్యమమువారు. వారి తమ్ములకును, చెల్లెండ్రకును ఆ ద్వారము ఒక్క వేసవిలో మూతపడినది. ఈ నిర్ణయము వెనుకనున్న ఉద్దేశము దుష్టమైనదని అనుటకు వీలులేదు. ఇంగ్లీషు రానిదే ఉద్యోగము రాదను భయము ప్రభుత్వము పుట్టించినది కాదు. అది ఇంటింటను ఉన్నది. తెల్లవారకముందే పిల్లలకు మెడపట్టీలు బిగించి బడి వ్యానులెక్కించు తల్లిదండ్రులను కోనసీమలో ఏ ఊరనైనను చూడవచ్చును. తెలుగు మాధ్యమమున చదివినవారికి కొలువుల వద్ద చిన్నచూపు ఎదురైనదన్నదియు కల్ల కాదు.

చిక్కు మరియొక చోట ఉన్నది. 2020 జూలైలో కేంద్రము ప్రకటించిన జాతీయ విద్యావిధానము ఉన్నత విద్యలో సైతము మాతృభాషను, స్థానిక భాషను బోధనామాధ్యమముగ విస్తరింపజేయవలెనని చెప్పినది. 2021లోనే సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగును ఎనిమిది భారతీయ భాషలలో బోధించుటకు అనుమతించినది, అందు తెలుగొకటి. 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము అన్ని విశ్వవిద్యాలయములకును లేఖ వ్రాసి, పాఠము ఆంగ్లమున చెప్పినను విద్యార్థి కోరినచో స్థానిక భాషలో పరీక్ష వ్రాయనిండని కోరినది. అనగా ఒకే సంవత్సరమున ఇంజనీరింగునకు తెరచిన తలుపు బి.ఏ.కు మూతపడినది! యంత్రశాస్త్రమునకు చాలిన భాష చరిత్రకు చాలకపోవుట వింతలలో వింత.

మాధ్యమమును గూర్చిన తర్జనభర్జన క్రొత్తది కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనది. దానికి ముందే అనువాద సంస్థను నెలకొల్పి, పుస్తకములు సిద్ధపరచుటకు పూనుకొనిరి. ఆ ఉర్దూ ఆనాటి హైదరాబాదు రాజ్యమున తెలుగు పిల్లలకు ఇంటిభాష కాదన్న మాట నిజమే. కాని మాధ్యమము నిర్ణయించువారు ముందుగా పుస్తకమును గూర్చి ఆలోచింపవలెనన్న పాఠము అందున్నది. స్వాతంత్ర్యానంతరము 1948-49 నాటి రాధాకృష్ణన్ సంఘమును, 1964-66 నాటి కొఠారీ సంఘమును ఉన్నత విద్య భారతీయ భాషలలో సాగవలెననియే అభిప్రాయపడినవి. ఆ త్రోవలోనే 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. ఇంటర్మీడియెటునకును, డిగ్రీకిని తెలుగున శాస్త్రగ్రంథములు వెలువడినవి.

ఇచ్చట తెలుగువారొక నిజము ఒప్పుకొనవలెను. ఆ గ్రంథములలోని పరిభాష కొన్నిచోట్ల ఆంగ్లముకంటె కఠినము. ఆమ్లము, క్షారము బడిలోనే అలవడినవి. 'ద్రవాభిసరణము'ను 'కిరణజన్య సంయోగక్రియ'ను కంఠస్థము చేసిన బాలుడు చెట్టు నీటిని పీల్చు విధమును తన మాటలలో చెప్పుమన్నచో తడబడును. సంస్కృత సమాసమును తెలుగని నమ్మించి, తెలుగు మాధ్యమమున కష్టము లేదనుకొన్న పండితుల బాధ్యత ఈ పతనమున కొంత లేకపోలేదు. అయినను, కఠినమైన పుస్తకమునకు మందు సులభమైన పుస్తకము. పుస్తకమునే తీసివేయుట చికిత్స కాదు.

వాడపల్లికి సమీపముననే లొల్ల లాకులున్నవి. ధవళేశ్వరమున వదలిన నీరు కాలువవెంట అచ్చటికి వచ్చి శాఖలుగా చీలి కోనసీమకు పారును. పడవల కాలమున ఎగువ మట్టముననున్న పడవ దిగువ మట్టమునకు పోవలెనన్నచో లాకులో నిలిపి, తలుపులు మూసి, నీటిని మెల్లగా తీసి మట్టము కలిపెడివారు. తొందరపడి తలుపు తెరచిన పడవ నిలువదు. పన్నెండేండ్లు తెలుగున లెక్కలు చేసి, తెలుగున ఆలోచించిన విద్యార్థిని ఆంగ్ల మాధ్యమమునకు పంపునప్పుడు ఇట్టి లాకు కావలసియుండెను. రెండు భాషలు ఎదురెదురు పుటలలోనున్న పుస్తకమో, మొదటి అర్ధసంవత్సరమున ఆంగ్ల వాక్యరచనకు ప్రత్యేకముగ కేటాయించిన గంటలో, అధ్యాపకులకే ముందుగ శిక్షణమో. కొన్ని ప్రయత్నములు జరుగకపోలేదు గాని, ఉత్తరువు వచ్చిన వేగమును అవి అందుకొనలేదు. ఫలితముగ తరగతిలో అధ్యాపకుడు తెలుగున చెప్పుచున్నాడు, విద్యార్థి తెలుగున గ్రహించుచున్నాడు, పరీక్షలో మాత్రము బజారు గైడులోని ఆంగ్ల వాక్యములను అప్పగించుచున్నాడు. దీనిని ఏ మాధ్యమమనవలెనో నిర్ణయించుట కష్టము.

తక్కిన మార్పులును ఇట్లే వచ్చినవి. 2020-21 నుండి నాలుగేండ్ల ఆనర్సు, పదినెలల ఇంటర్న్‌షిప్; 2023-24 నుండి మూడు ప్రధాన విషయములకు బదులుగా ఒక్కటే. ఇంటర్న్‌షిప్ మంచి యోచనయే. అది నగరమును మనసున నుంచుకొని చేసిన యోచన. బి.కాం. చదువు కొత్తపేట విద్యార్థికి అంబాజీపేట కొబ్బరి వర్తకమునకు మించిన పాఠశాల లేదు. కాని ఆ కొట్టులోని లెక్కల పుస్తకమును విశ్వవిద్యాలయము పాఠముగ గుర్తించునా? దానికి దృఢమైన సమాధానము లేనందువలననే ధ్రువపత్రములు కొనితెచ్చుకొను దురభ్యాసమునకు చోటు కలుగుచున్నది.

నియమములు రాక తప్పదు. వాటిని చేయువారి ముందు కాదనువాని మాటయు కాగితముపై నిలిచియుండవలెను. 1910 దశకమున మదరాసు విశ్వవిద్యాలయమున తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండవలెనను వివాదము చెలరేగినది. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారికమునకై పోరాడిరి. జయంతి రామయ్య పంతులు గ్రాంథికపక్షమున నిలిచిరి. ఆనాడు గెలిచినది గ్రాంథికమే. అయినను గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతిని ఒక గ్రంథమంత విపులముగ వ్రాసి విశ్వవిద్యాలయమునకు సమర్పించిరి. మరుసటి ఏడే ఆయన గతించిరి. నియమము అప్పుడు మారలేదు. వాదము మాత్రము నిలిచినది, దశాబ్దముల తరువాత అదియే నెగ్గినది. ఈనాటి పాఠ్యప్రణాళికా సంఘములలో అట్టి అసమ్మతి పత్రము వ్రాయు అధ్యాపకులు ఎందరు? వ్రాసినచో దానిని చదివి దాచువారెవరు? సమావేశము ముగియకముందే తీర్మానము మీటలు నొక్కి పంపబడు కాలమిది.

పెద్ద సంస్కరణలు ఎట్లున్నను, 2023 నాటి లేఖ విషయము చిన్నది, ఖర్చులేనిది. ప్రశ్నపత్రముపై, 'సమాధానములు తెలుగున గాని ఆంగ్లమున గాని వ్రాయవచ్చును' అని ఒక్క పంక్తి అచ్చువేయించిన చాలును. పదవ తరగతివరకు తెలుగున చదివించిన ఉపాధ్యాయులు తమ పూర్వవిద్యార్థులచేత, వారు చేరిన కళాశాలలో ఆ అనుమతి ఉన్నదా లేదా యని ఒక అర్జీ వ్రాయింపవచ్చును. నోటిమాటగ కాక, జవాబును కాగితముపై కోరవలెను.