విరామ చిహ్నం పక్కన ఖాళీ

జపనీస్ వాక్యంలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలరు. ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి. బడిపిల్లలు వ్యాసాలు రాసే గళ్ల కాగితంలో వరసకు ఇరవై చొప్పున ఇరవై వరసలు, మొత్తం 400 గళ్లు ఉంటాయి. అంత కిక్కిరిసిన పేజీలో చదువరికి ఊపిరి సలిపేది విరామ చిహ్నం దగ్గరే. కామా, ఫుల్‌స్టాప్, సంభాషణకు వాడే బ్రాకెట్లు గడిలో సగమే తీసుకుంటాయి. తక్కిన సగం ఖాళీ. ఆ సగాన్ని ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి అన్నది అక్కడి అచ్చుపనిలో పెద్ద విద్య.

సంభాషణ ముగిసి బ్రాకెట్ మూశాక కామా వచ్చిందనుకుందాం. రెండింటికీ చెరో గడి ఇస్తే నడుమ సగం గడి ఖాళీ పడి లైనుకు చిల్లు పడ్డట్టు కనిపిస్తుంది. అందుకే ఆ ఖాళీ తీసేసి రెండింటినీ గడిన్నరలో సర్దుతారు. బ్రాకెట్లలో ఉన్న రెండు కథల పేర్లు పక్కపక్కన వస్తే, నడుమ పడే గడి ఖాళీని సగానికి తగ్గిస్తారు. లైను మొదట కామా గానీ ఫుల్‌స్టాప్ గానీ రాకూడదు. తెరిచిన బ్రాకెట్ లైను చివర మిగిలిపోకూడదు. అలా వచ్చే చోట ఖాళీలు తగ్గించి చిహ్నాన్ని పై లైనులోకి లాక్కుంటారు, లేదా ముందరి అక్షరాన్ని కూడా కింది లైనుకు దించుతారు. కామానో ఫుల్‌స్టాప్‌నో అంచు దాటించి మార్జిన్‌లో నిలిపే పద్ధతీ ఉంది.

సీసపు అక్షరాల కాలంలో ఇదంతా కంపోజిటర్ చేతిలో ఉండేది. 1978లో తోషిబా తొలి జపనీస్ వర్డ్ ప్రాసెసర్‌ను ప్రకటించింది. ధర 63 లక్షల యెన్‌లు. తర్వాత ఇంటింటా, ఆఫీసుల్లో యంత్రాలు చేరాయి. వాటిలో చాలావరకు ప్రతి చిహ్నానికీ నిండు గడి ఇచ్చేవి. చేతికి తెలిసిన సర్దుబాటు యంత్రానికి తెలియలేదు.

జపాన్‌వాళ్లు అక్కడితో సరిపెట్టుకోలేదు. ఆ సర్దుబాట్లను నియమాలుగా రాసి 1993లో జేఐఎస్ ఎక్స్ 4051 పేరుతో జాతీయ ప్రమాణం చేశారు. 1995లో, 2004లో సవరించారు. 2009లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ద్వారా జపనీస్ పేజీ కూర్పు అవసరాలన్నీ ఇంగ్లీషులోనూ వెలువడ్డాయి. జపనీస్ చదవలేని ప్రోగ్రామర్‌కు కూడా బ్రాకెట్ పక్కన ఎంత ఖాళీ ఉండాలో తెలిసింది. 2024లో క్రోమ్ బ్రౌజర్‌లోకి ఈ సర్దుబాటు వచ్చింది. ఆలస్యమైనా వచ్చింది, రాసిపెట్టారు కాబట్టి.

ఈ పట్టుదల మనకు కావాలి. తెలుగు పుస్తకాల్లో, ఫోన్ తెరల మీద ప్రశ్నార్థకం ముందు ఖాళీ పడి అది ఒంటరిగా కింది లైనుకు జారడం, కొటేషన్ గుర్తు మాటను విడిచి వేరే లైనులో తేలడం రోజూ చూస్తున్నాం. కవిత్వంలోనైతే ఆ జారుడు అర్థాన్నే చెదరగొడుతుంది. చేత్తో తెలుగు అక్షరాలు పేర్చిన కంపోజిటర్లు, ప్రూఫులు దిద్దినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఎక్కడ ఎంత ఖాళీ వదిలేవారో, లైనును ఎలా విరిచేవారో వాళ్లు రాయాలి. రాయలేనివారి దగ్గర కూర్చుని మనం రాసుకోవాలి. అటువంటి రచనలు పంపండి, ఈ పత్రికలో అచ్చు వేస్తాం.