పెదవి ముందు, మాట వెనక

నేను తెలుగు మేష్టర్ని. సంధులు విడదీయమంటే విడదీస్తాను, సమాసాలకు విగ్రహవాక్యాలు చెబుతాను. వీడియోలు కత్తిరించి అతికించే విద్యలో మాత్రం మొన్నమొన్నటిదాకా నాకు ఓనమాలు కూడా రావు. అటువంటి నేను ఆ విషయం మీద ఈ వారం మీకు పాఠం చెప్పబోతున్నానంటే, కారణం మా అమ్మ.

రెండేళ్ళ కిందట వేసవిలో అమ్మ ఆవకాయ కలుపుతూ వుంటే, మా అమ్మాయి ఎదురుగా ఫోను నిలబెట్టి వీడియో తీసింది. సరిగ్గా నలభై నిమిషాలు. పోయినేడు అమ్మ వెళ్ళిపోయింది. సంవత్సరీకాలకు అక్కయ్య, మేనల్లుళ్ళు వస్తారు గదా, దాన్ని కాస్త సరిచేసి టీవీలో చూపిద్దామని బుద్ధి పుట్టింది. చేతిలో నాలుగు రోజుల సెలవు వుంది. అదెంత పని అనుకున్నాను. అనుకున్నంతసేపూ అది చిన్న పనే!

మొదటిరోజు సాయంత్రం దాకా పని చేసి, మర్నాడు పొద్దున్నే కంప్యూటరు తెరిచానా, అమ్మ వుండవలసిన చోట ఎర్రటి పలక ఒకటి కనిపించింది. ఫైలు దొరకలేదట. నా గుండె జారిపోయింది. మా అమ్మాయి వచ్చి చూసి, "నాన్నా, రాత్రి పెన్ డ్రైవు ఎందుకు లాగేశావు?" అంది.

సంగతేమిటంటే, మనం ఎడిటింగు చేసి దాచుకునే ప్రాజెక్టు ఫైలులో వీడియో వుండదు. మా కాలేజీ లైబ్రరీలో వెనకటికి కార్డులు వుండేవి. ఫలానా పుస్తకం ఫలానా బీరువాలో వుందని కార్డు చెబుతుందే గాని, కార్డులో పుస్తకం వుంటుందా? ఇదీ అంతే. బీరువా మార్చినా, ఫైలు పేరు మార్చినా కార్డు తెల్లమొహం వేస్తుంది. భయపడనక్కరలేదు. ఫైలు ఇప్పుడెక్కడుందో చూపిస్తే మళ్ళీ కలుపుకుంటుంది. అసలు ఈ గొడవే రాకుండా వుండాలంటే, పని మొదలుపెట్టకముందే వీడియోలు, ఫోటోలు, పాటలు అన్నిటినీ కంప్యూటరులో ఒకే ఫోల్డరులో పెట్టుకోవాలి. అసలు ఫైలుకు ఒక నకలు వేరేచోట దాచుకోవాలి. రెండోది మరీ ముఖ్యం సుమండీ. ఆవకాయ మళ్ళీ ఏడు కలుపుకోవచ్చు. మా అమ్మను మళ్ళీ తీయలేము.

ఇక రెండో చిక్కు. బొమ్మ నత్తనడక నడిచి, ఆగి, ఒక్క గెంతు గెంతుతోంది. ఫోనులో చక్కగా ఆడిన వీడియో ఇక్కడెందుకు కుంటుతుంది? మా అమ్మాయి దాన్ని 4కె లో తీసింది. అంటే ఒక్కొక్క బొమ్మలో 3840 అడ్డం, 2160 నిలువు చుక్కలు. మామూలు 1920, 1080 బొమ్మకు ఇది నాలుగు రెట్లు. పైగా స్థలం కలిసి రావడానికి ఫోను ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. ఒకటి పూర్తిగా దాచి, తరువాతి వాటిలో మారినంత మేరకే రాసుకుంటుంది. వరసగా చూస్తే ఇబ్బంది లేదు. మనం మధ్యలో ఎక్కడో వేలు పెట్టామంటే, కంప్యూటరు వెనకటి పూర్తి బొమ్మ దగ్గరికి పరుగెత్తి, అక్కణ్ణించి లెక్క కట్టుకుంటూ రావాలి. ముసలి కంప్యూటరైతే ఆయాసపడుతుంది. దీనికి మందు ప్రాక్సీలు. అంటే అదే వీడియోకు తేలికపాటి చిన్న నకళ్ళు. పని వాటి మీద చేస్తాం, చివర తయారయ్యేది మాత్రం అసలు దాని నుంచే. నాటకం రిహార్సలుకు కిరీటాలు పెట్టుకోం గదా!

మూడో చిక్కే నన్ను ఏడిపించింది. వీడియో మొదట్లో అంతా బాగానే వుంది. పోనుపోను అమ్మ పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తరువాత వస్తోంది. చివరికి వచ్చేసరికి నాలుగు సెకన్ల తేడా. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి రెండు నిమిషాలు చూసి, "ఇలా వద్దండీ, అత్తయ్య నోట్లో వేరెవరో మాట్లాడుతున్నట్టుంది," అని వెళ్ళిపోయింది.

మీకూ ఇటువంటిది ఎదురైతే ముందు ఒక పరీక్ష చేయండి. మొదట్లో ఎంత తేడా వుందో, చివర ఎంత వుందో చూడండి. రెండు చోట్లా ఒకటే అయితే ధ్వనిని ఆమేరకు జరిపితే సరి. పోనుపోను పెరుగుతూ వుంటే మాత్రం జరిపి లాభం లేదు. ఒకచోట అతుకుతుంది, ఇంకోచోట ఊడుతుంది. ఫోను సెకనుకు 30 బొమ్మలు తీస్తానంటుంది గాని, వెలుతురు తగ్గినప్పుడు, ఒళ్ళు వేడెక్కినప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. కొన్ని ఎడిటింగు సాఫ్ట్‌వేర్లు అది గమనించక, ఖచ్చితంగా 30 చొప్పున పేర్చుకుపోతాయి. లెక్క చూడండి. నలభై నిమిషాలంటే 2,400 సెకన్లు. 72,000 బొమ్మలు వుండాలి. సగటున 29.95 చొప్పున తీసి వుంటే వున్నవి 71,880. తక్కువైన 120 బొమ్మలే నాలుగు సెకన్లు! బొమ్మలు తొందరగా అయిపోతాయి, ధ్వని పాపం తన వేళకే నడుస్తుంది.

విరుగుడు ఏమిటంటే, ఎడిటింగుకు ముందే ఆ వీడియోను స్థిరమైన వేగానికి మార్చుకోవడం. హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు వుంది. అందులో స్థిర ఫ్రేము రేటు అనే ఎంపిక పెట్టి 30 అని చెబితే కొత్త నకలు తయారు చేస్తుంది. రాత్రి దాన్ని పనికి పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూద్దును గదా, అమ్మ మాట అమ్మ నోటికి వచ్చింది.

తరువాత పేరు వేద్దామని "జ్ఞాపకం" అని కొట్టాను. తెర మీద "జ్‌ఞాపకం" అని పడింది. తెలుగు మేష్టరు ఇంట్లో ఒత్తులు ఊడిపోవడమా! తెలుగు అక్షరాలకు గుణింతాలు, ఒత్తులు అమర్చడం తెలియని సాఫ్ట్‌వేరు చేసే నిర్వాకమిది. కొన్నిటిలో అక్షరాల సెట్టింగులలో దక్షిణాసియా భాషలకు వేరే ఎంపిక వుంటుంది, అది పెట్టాలి. యూనికోడు ఫాంటు వాడాలి. అప్పటికీ కుదరకపోతే, వేరేచోట సరిగ్గా రాసి, వెనక రంగు లేని పి.ఎన్.జి. బొమ్మగా దాచి, దాన్ని వీడియో మీద అతికించండి. నేను అదే చేశాను.

అంతా అయింది. తయారైన ఫైలు అయిదు జీబీలు. పెన్ డ్రైవులో ఇరవై జీబీల ఖాళీ వుంది, అయినా పట్టదు పొమ్మంది. ఫ్యాట్ 32 పద్ధతిలో వున్న డ్రైవు ఎంత పెద్దదైనా, ఒక్క ఫైలు నాలుగు జీబీలు మించితే పుచ్చుకోదు. మళ్ళీ 1920, 1080 కొలతలో, సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున తయారు చేయించాను. 2,400 సెకన్లకు 24,000 మెగాబిట్లు, అంటే సుమారు మూడు జీబీలు. హాయిగా పట్టింది.

అప్పుడు మా అమ్మాయిని పిలిచి చూపించాను. చూసి, "బామ్మ ఇంత గబగబా మాట్లాడేదా, నాన్నా?" అంది. వీడియో శుభ్రం చేస్తున్నాననుకుని, అమ్మ మధ్యమధ్య ఆగిన చోటులన్నీ కత్తిరించేశాను. "ఆఁ... ఏమిటదీ..." అని వెతుక్కోవడం, చెయ్యి కడుక్కోవడం, నిట్టూర్పులు, అన్నీ. అన్ని చిక్కులూ విప్పుకుంటూ వచ్చినవాణ్ణి, ఈ చిక్కు నేనే వేశాను.

అదృష్టవశాత్తూ ఇక్కడ కత్తెర అసలు దాన్ని కోయదు. ఎక్కణ్ణించి ఎక్కడిదాకా చూపాలో రాసుకుంటుందంతే. ముక్క అంచు పట్టుకుని లాగితే పోయిందనుకున్నది తిరిగి వస్తుంది. రాత్రంతా కూర్చుని ఒక్కొక్క మౌనాన్నీ లాగి యథాస్థానంలో పెట్టాను.

సంవత్సరీకాలనాడు భోజనాలయ్యాక అందరం కూర్చుని చూశాం. చివర్లో అమ్మ జాడీకి వాసెన కడుతూ, "మూడోనాడు తిరగ కలిపి..." అని ఆగిపోతుంది. ఏదో గుర్తు రాక అటూ ఇటూ చూస్తుంది. టీవీ ముందు కూర్చున్న అక్కయ్య, "ఉప్పు చూసుకోవాలి," అని అందించింది. ఒక క్షణం తరువాత అమ్మ నవ్వి, "ఉప్పు చూసుకోవాలి," అంది.